అడ్డగోడలో గాడి

పుంగనూరులో ఈశ్వరప్ప ఇంటి హాలులో టీవీ తగిలించడానికి వీలున్నది ఒక్క గోడే. ఒక గోడకు వీధి తలుపు, ఒకదానికి కిటికీ, ఇంకోదానికి వంటింటి దారి, దాని పక్కన బీరువా. ఖాళీగా మిగిలింది అడ్డగోడ. ఆ గోడకు అవతల ఆయన అక్క కుప్పమ్మ ఒంటరిగా ఉండేది. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుని పదేళ్లు దాటింది.

ఒకప్పుడు అదంతా ఒకే హాలు. భర్త చనిపోయాక కుప్పమ్మ చంటిబిడ్డ సుప్రజను ఎత్తుకుని బైరెడ్డిపల్లె నుంచి పుట్టింటికి వచ్చేసింది. జాకెట్లు, లంగాలు కుట్టి బిడ్డను చదివించుకుంది. తండ్రిని చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నదీ ఆమే. ఆయన పోయిన తరువాతే, ఇంట్లో సగం కుప్పమ్మ పేరున రిజిస్టరు చేశాడన్న సంగతి బయటపడింది. బస్సు కండక్టరుగా ఊళ్లు తిరుగుతున్న ఈశ్వరప్పకు ముందుగా ఎవరూ చెప్పలేదు. సగం ఇల్లు పోయినందుకు కాదు, తనకు తెలియకుండా జరిగినందుకని ఆయన కోపం. చెప్పివుంటే జరగనిచ్చేవాడివా అని కుప్పమ్మ. పెద్దమనుషులు కూర్చున్నారు, మాటలు పెరిగాయి, ఆఖరికి ఈశ్వరప్ప మేస్త్రీని పిలిచి హాలు నడుమ గోడ లేపించాడు. చోటు దండగ కాకూడదని ఒంటి వరస ఇటుకతో కట్టించిన పలుచటి గోడ అది. ఒకరు దగ్గితే ఒకరికి వినపడేది.

కుప్పమ్మ కుట్టుమిషను ఆ గోడకు ఆనుకునే ఉండేది. ఇవతల మిక్సీ కాస్త ఎక్కువసేపు తిరిగినా, ఈశ్వరప్ప కొడుకు దిలీప్ పాటలు గట్టిగా పెట్టినా, ఆమె కత్తెర పిడితో గోడ మీద మూడుసార్లు కొట్టేది. టక్, టక్, టక్. ఇవతలినుంచి ఈశ్వరప్ప చెంబు తీసుకుని అంతకంటే గట్టిగా మోగించేవాడు. ఆయన రిటైరై ఇంటిపట్టున ఉండడం మొదలయ్యాక అది ఇంకా ఎక్కువైంది. అంతకుమించి వాళ్ల మధ్య మాట లేదు. సుప్రజకు పెళ్లయి కుప్పానికి వెళ్లిపోయింది. ఆ పెళ్లికి కూడా ఈశ్వరప్ప వెళ్లలేదు.

దిలీప్ మదనపల్లెలో పాల కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు. నిరుడు వేసవిలో పెళ్లి చేసుకున్నాడు. కోడలు శ్వేత ఇల్లు తనకు నచ్చినట్టు సర్దుకుంటూ వచ్చింది. పాత టీవీ తీసేసి పెద్దది తెచ్చారు. అది గోడకు అతుక్కున్నట్టు ఉండాలని, ఒక్క వైరూ బయటికి కనపడకూడదని శ్వేత కోరిక. దిలీప్ తన ఆఫీసుకు కరెంటు పనులు చేసే భానుప్రకాశ్‌ను మదనపల్లెనుంచి పిలిపించాడు.

భానుప్రకాశ్ ముప్పై దాటినవాడు. పని తొందరగా తెమిల్చే రకం కాదు. వచ్చి వేలి కణుపులతో గోడంతా తట్టి చూశాడు. సన్నగోడ కాబట్టి వైర్లు దాచే గాడి లోతుగా కొట్టడానికి లేదనీ, సన్నరకం పైపులు వేసి, కరెంటు వైరు ఒకదానిలో, మిగతావి ఇంకోదానిలో లాగుతాననీ చెప్పాడు. ఎంత జాగ్రత్తగా చేసినా అవతలి పక్క పూత కొంచెం రాలవచ్చు, ఆ ఇంటివాళ్లకు ఒక మాట చెప్పిరమ్మన్నాడు. నేను కట్టించిన గోడకు ఎవరికీ చెప్పాల్సిన పని లేదన్నాడు ఈశ్వరప్ప.

మంగళవారం పొద్దున పని మొదలైంది. దిలీప్, శ్వేత ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఈశ్వరప్ప భార్య అక్కమ్మ సోఫా మీద, ఫ్రిజ్ మీద పాతచీరలు కప్పి వంటింట్లోకి పోయింది. భానుప్రకాశ్ రసమట్టం పెట్టి పెన్సిలుతో రెండు నిలువు గీతలు గీశాడు. టీవీ వెనక రావలసిన బాక్సుకు పైన ఒక చతురస్రం, కింద ప్లగ్గు దగ్గర ఇంకొకటి గీశాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, అవతల కుట్టుమిషను తిరుగుతుండగానే కటింగ్ మిషన్ ఆన్ చేశాడు. ఇల్లంతా ఒకటే గోల. ఇటుక దుమ్ము ఎర్రగా లేచింది. ఈశ్వరప్ప వాకిట్లోకి వచ్చి నిలబడి, అవతలినుంచి కత్తెర చప్పుడు ఎప్పుడొస్తుందా అని చెవి ఒగ్గి ఉన్నాడు. లోలోపల దాని కోసమే చూస్తున్నట్టుగా ఉంది ఆయనకు.

గీతలు కోయడం అయ్యాక భానుప్రకాశ్ మిషన్ ఆపి, నడుమ ఇటుకను చెక్కడానికి ఉలీ సుత్తీ తీసుకున్నాడు. అప్పుడు వినపడింది. అవతల ఎవరో గోడను కొడుతున్నారు.

"అప్పా, ఆ పక్కనుంచి సప్పుడు వస్తాండాది," అన్నాడు భానుప్రకాశ్.

ఈశ్వరప్ప లోపలికి వచ్చాడు. కొట్టనీప్పా, ఆమెకు అది అలవాటే అన్నాడు.

భానుప్రకాశ్ గోడకు చెవి ఆనించాడు. తరువాత వంగాడు. ఇంకా వంగి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"కిందనుంచి వస్తాండాదప్పా. నేల కాడినుంచి."

ఈశ్వరప్పకూ అది తెలుస్తూనే ఉంది. అది కత్తెర చప్పుడు కాదు. మొద్దుగా ఉంది. మూడుసార్లు కూడా కాదు. ఒకటి, కాసేపు ఏమీ లేదు, మళ్లీ రెండు, మళ్లీ ఏమీ లేదు. అక్కమ్మ తడిచేతులతో వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది.

"ఇది ఎప్పుడూ కొట్టే మాదిరి లేదు. ఒక తూరి పోయి సూసి రాగూడదా?"

ఈ పొద్దు పోయి తలుపు తట్టితే, రేపు మేకు కొట్టాలన్నా ఆమెను అడగాల్సి వస్తుందన్నాడు ఈశ్వరప్ప. పైగా పరాయివాడి ముందు భార్య అలా అనడం ఆయనకు తలవంపుగా తోచింది. భానుప్రకాశ్ చేతిలోంచి సుత్తి తీసుకుని, చప్పుడు వచ్చిన చోటునే గురి చూసి గోడ మీద మూడుసార్లు బలంగా కొట్టాడు. అవతల ఏదో బొలబొలా రాలింది. నిశ్శబ్దం. కొంచెంసేపటికి ఒక్క దెబ్బ, చాలా మెల్లగా వినిపించింది.

"నువ్వు పని కానీప్పా," అని ఈశ్వరప్ప సుత్తి తిరిగి ఇచ్చేశాడు.

భానుప్రకాశ్ ఇంటాయన మాట కాదనలేక ఉలి ఆనించాడు. ఆ తరువాత అవతలినుంచి చప్పుడు రాలేదు. దారికొచ్చింది అన్నాడు ఈశ్వరప్ప.

గాడి సిద్ధమైంది. పైపులు కూర్చోబెట్టి, బాక్సులు బిగించి, వైర్లు లాగి, సిమెంటు కలిపి పైన పూశాడు. మధ్యాహ్నం కావచ్చింది. చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చిన భానుప్రకాశ్ కాళ్లకింద నీళ్లు పారుతున్నాయి. కుళాయి వదిలారు. కుప్పమ్మ పొద్దున్నే డ్రమ్ములో పెట్టిన పైపునుంచి నీళ్లు పొంగి పొర్లి వీధిలోకి వచ్చేస్తున్నాయి. కుళాయి వచ్చిందంటే కుట్టుపని వదిలేసి పరుగెత్తుకొచ్చే మనిషి ఆమె. అక్కమ్మ వచ్చి పైపు కట్టేసి, పదేళ్ల తరువాత ఆ తలుపు ముందు నిలబడి "వదినా" అని పిలిచింది. రెండుసార్లు పిలిచింది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

వెనక తలుపు గడియ పాతది. ఈశ్వరప్ప నెట్టమంటే భానుప్రకాశ్ భుజంతో నెట్టాడు, ఊడింది.

కుప్పమ్మ కుట్టుమిషనుకూ గోడకూ నడుమ పడి ఉంది. కుడికాలు వంకరగా మడతపడింది. నోరు ఒక పక్కకు లాగేసింది. తలమీద, ముఖం మీద, రెప్పల మీద కూడా గోడనుంచి రాలిన పూత తెల్లగా పడి ఉంది. ఎడమచేతి కణుపులు చెక్కుకుపోయి, నెత్తురు సున్నంలో కలిసి గడ్డకట్టింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అవి ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి ఈశ్వరప్ప మీద ఆగాయి.

పదేళ్లుగా ఆమె ముఖాన్ని ఆయన అంత దగ్గరగా చూడలేదు. చిన్నప్పుడు టమోటా తోటల్లో కూలికి పోతూ తనను చంకన వేసుకుని మోసిన మనిషి. కూర్చుని తన కండువాతో ఆ ముఖం తుడవబోయాడు. దుమ్ము పోలేదు, చెమటకు అంటుకుని ఉంది.

అంబులెన్సు వచ్చింది. ఊళ్లో ప్రభుత్వాసుపత్రిలో చూసి, తలకు స్కాన్ తీయాలి, మదనపల్లెకు తీసుకుపొమ్మన్నారు. ఈశ్వరప్ప, అక్కమ్మ ఆమెతోపాటు ఎక్కారు. దారిపొడవునా కుప్పమ్మ గొంతులోంచి ఏదో శబ్దం చేస్తూనే ఉంది. ఒక్క మాటా రూపం కట్టలేదు.

మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, గబగబా నడుస్తూ గబగబా మాట్లాడింది. మెదడుకు పోయే రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టిందని స్కాన్ చూసి చెప్పింది. ఎప్పుడు పడిపోయింది, పొద్దున బాగా ఉండగా ఎవరు చూశారు అని అడిగింది. పొద్దున వాకిలి ఊడుస్తుంటే తాను చూశానంది అక్కమ్మ. మరి పడిపోయింది ఎప్పుడు అని డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

ఈశ్వరప్ప అన్నాడు: "తెలీదమ్మా. మధ్యాన్నం తలుపు తీసి సూసినాం, అంతే."

గడ్డను కరిగించే ఇంజక్షన్ ఒకటి ఉందనీ, మొదటి కొన్ని గంటల్లోనే ఇవ్వాలనీ, ఎప్పుడు మొదలైందో తెలియకుండా ఇస్తే ప్రాణానికే ముప్పనీ డాక్టరమ్మ చెప్పింది. పొద్దున వాకిలి ఊడ్చిన వేళనుంచి లెక్కవేస్తే గడువు దాటిపోయింది. "ఎవరైనా ఏదైనా శబ్దం విన్నారా? పక్కిల్లే అంటున్నారు కదా," అని ఆఖరుసారి అడిగింది.

ఈశ్వరప్ప నోరు తెరిచాడు. వరండాలో వెంటవచ్చిన వీధివాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. భానుప్రకాశ్ కూడా మోటారు సైకిలు మీద వెనకే వచ్చి తలుపు దగ్గర ఉన్నాడు. అక్కమ్మ భర్త ముఖంలోకి చూసింది. ఆయన నోరు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. డాక్టరమ్మ వెళ్లిపోయింది. ఆమెను వెనక్కి పిలవడానికి ఆ తరువాత చాలాసేపు వీలుంది. వరండా చివర మందుల గది దగ్గర నిలబడి ఆమె ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. ఈశ్వరప్ప బల్ల మీదనుంచి లేవలేదు.

సాయంత్రానికి కుప్పంనుంచి సుప్రజ వచ్చింది. తల్లిని చూసి బయటికి వచ్చి, ఈశ్వరప్ప కాళ్లకు మొక్కింది. "నువ్వు తలుపు పగలగొట్టించకుంటే మా అమ్మ ఆడనే పోయుండు మామా," అంది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

కుప్పమ్మ ప్రాణానికి భయం లేకుండా పోయింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పింది అర్థమవుతుంది కానీ బదులు చెప్పడం ఆమెవల్ల కాదన్నారు. సుప్రజ తల్లిని కుప్పానికి తీసుకుపోయింది. వెళ్లేముందు కుట్టుమిషనుకు దుప్పటి కప్పి, ఆ సగం ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఈశ్వరప్ప చేతికే ఇచ్చింది.

వీధిలో ఆయనను మెచ్చుకోనివాళ్లు లేరు. ఎన్ని ఉన్నా తోడబుట్టినవాడు తోడబుట్టినవాడే అన్నారు. టీ అంగడి దగ్గర ఆయన కూర్చోగానే ఎవరో ఒకరు ఆ సంగతే తెచ్చేవారు. ఆయన టీ అంగడికి పోవడం మానేశాడు. ఇంట్లో హాలులో కూర్చోవడమూ మానేశాడు. వంటింటి వెనక చావడిలో మంచం వేసుకున్నాడు. అక్కమ్మ ఆయనతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడేది కాదు. ఒకరోజు అన్నం పెడుతూ, ఆ పొద్దు నేనైనా చెప్పివుండాల్సింది అని మాత్రం అంది. అని తనకూ కంచం పెట్టుకుని, తినకుండా లేచిపోయింది.

సిమెంటు ఆరాక భానుప్రకాశ్ టీవీ బిగించడానికి వచ్చాడు. లప్పం పెట్టి, సాన పట్టి, రంగు వేసి ఉన్న గోడలో గాడి ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. బ్రాకెట్టు బిగించి, టీవీ తగిలించి, వైర్లు లోపలికి తోసేశాడు. శ్వేత చూసి సంతోషించింది, అంతలోనే మామగారి ముఖం చూసి టీవీ ఆపేసింది. పని అయ్యాక భానుప్రకాశ్ చావడిలోకి వచ్చి ఈశ్వరప్ప పక్కన కొంచెంసేపు కూర్చున్నాడు. కుప్పమ్మకు ఎలా ఉందని అడిగాడు. తరువాత నేల చూస్తూ, "నాకు నిద్ర పట్టడం లేదప్పా, ఎవరికీ సెప్పలేదు నేను," అన్నాడు. భానుప్రకాశ్ లేచి వెళ్లిపోయాడు.

ఈశ్వరప్ప కుప్పానికి పోవడం మొదలుపెట్టాడు. పలమనేరులో బస్సు మారి, వారం వారం వెళ్లి అక్కను చూసి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. కొన్నిసార్లు అరటిపండ్లు, కొన్నిసార్లు అక్కమ్మ చేసిచ్చిన రాగిపిండి తీసుకుపోయేవాడు. సుప్రజ భర్తది రైల్వేలో పని, సుప్రజ ఒక గ్రానైటు యూనిట్ ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూర్చునేది. వాళ్లిద్దరూ పనికి పోతే చూసుకోవడానికి ఒక ముసలామెను పెట్టారు. కుప్పమ్మ కిటికీ పక్క మంచం మీద ఉండేది. ఈశ్వరప్ప వస్తే ఆయన వైపు చూసేది, కాసేపటికి కళ్లు మూసుకునేది. ఆమెకు గుర్తుందో లేదో ఆయనకు తెలియలేదు. గుర్తులేదేమో అని ఒక్కో వారం కొంచెం తేలికపడేవాడు. అలా తేలికపడినందుకు తిరుగు బస్సులో తనమీద తనకే రోత కలిగేది.

ఒక ఆదివారం ఆయన వెళ్లేసరికి సుప్రజ ఇంట్లోనే ఉంది. తల్లికి తల దువ్వుతోంది. ఎండ ఇంకా ముదరలేదు. వీధి చివరనున్న యూనిట్‌లో రాయి కోసే మిషన్ మొదలుపెట్టారు. చెవులు గింగురుమనే ఆ శబ్దం కిటికీలోంచి వచ్చింది. కుప్పమ్మ తల పక్కకు తిరిగింది. ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చి, పిడికిలి బిగించి, మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి. కాసేపాగి రెండు.

సుప్రజ ఆ చేతిని పట్టుకుని మెల్లగా ఒళ్లో పెట్టుకుంది.

"ఆ రాయి కోసే సప్పుడు వింటే సాలు మామా, ఇట్లనే కొడతాది. చెయ్యి పుండు అయిపోతాండాది. యాల కొడతాదో తెలీదు. డాక్టర్ని అడిగినా, ఆయన కూడా తెలీదన్నాడు."

ఈశ్వరప్ప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుప్పమ్మ ఆయననే చూస్తోంది. ఈసారి కళ్లు మూసుకోలేదు. మిషన్ ఆగింది, మళ్లీ మొదలైంది, ఆమె చెయ్యి సుప్రజ పట్టులో గింజుకుంది.

ఆయన చెప్పేశాడు. టీవీ సంగతి, గాడి సంగతి, చప్పుడు నేల దగ్గరనుంచి వస్తోందని భానుప్రకాశ్ అన్న సంగతి, అక్కమ్మ పోయి చూడమన్న సంగతి చెప్పాడు. సుత్తి తీసుకుని తాను తిరిగి కొట్టింది చెప్పాడు. అక్కడ ఆగుదామనుకున్నాడు, ఆగలేదు. డాక్టరమ్మ అడిగినప్పుడు తెలీదన్నది కూడా చెప్పాడు. గొంతు ఎత్తకుండా, ఎక్కడా తనవైపు లాక్కోకుండా చెప్పాడు. టికెట్లు కొట్టిన రోజుల్లో స్టేజీల పేర్లు చెప్పినట్టు వరసగా చెప్పుకుపోయాడు. చెప్తున్నంతసేపూ అక్క వైపే చూశాడు. కుప్పమ్మ కంటినుంచి నీళ్లు చెవిలోకి జారాయి.

సుప్రజ మధ్యలో అడ్డురాలేదు. ఆయన చెప్పడం అయ్యాక దువ్వెనలో వెంట్రుకలు తీసి చుట్టి పక్కన పెట్టింది. తల్లి తలకు జడ అల్లడం పూర్తిచేసింది. కన్నీళ్లు తుడిచింది. అప్పుడు ఆయనవైపు తిరిగింది.

"నేను నీ కాళ్లకు మొక్కినా," అంది.

ఆయన తల వంచుకున్నాడు.

"ఇంక ఈడికి రావొద్దు మామా."

ఈశ్వరప్ప లేచి, తెచ్చిన రాగిపిండి సంచి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చేశాడు. బస్టాండులో కూర్చుని పలమనేరు బస్సులు రెండు వదిలేశాడు. మూడోది ఎక్కాడు. ఇంటికి వచ్చి అక్కమ్మతో, సుప్రజకు అంతా చెప్పాను అని మాత్రం అన్నాడు. ఆమెకు అర్థమైంది. చాలాకాలం తరువాత ఆయన పక్కన మంచం మీద కూర్చుంది.

దిలీప్‌కు కూడా చెప్పక తప్పలేదు. వాడు విని, టీవీ తీసేద్దామా నాయనా అని అడిగాడు. తీసేస్తే ఏమొస్తుంది అన్నాడు ఈశ్వరప్ప. వీధిలో ఆ సంగతి ఎలాగో పాకింది. ఎవరు చెప్పారో ఆయన కనుక్కోలేదు. మెచ్చుకున్నవాళ్లు ఎదురుపడితే పక్కకు చూసేవారు. అది ఆయనకు మెచ్చుకోలు కన్నా భరించదగినదిగా ఉంది.

వానలు వచ్చిపోయాయి. దీపావళి అయ్యింది. కుప్పంనుంచి ఫోను లేదు. తాళంచెవి ఉన్నా అక్క ఇంట్లోకి ఆయన వెళ్లలేదు, అక్కమ్మే నెలకొకసారి తీసి ఊడ్చి వచ్చేది. చలికాలం మొదట్లో ఒక పొద్దున సుప్రజ అక్కమ్మకు ఫోను చేసింది. తల్లిని చూసుకునే ముసలామె కొడుకు దగ్గరికి వెళ్లిపోయిందనీ, ఇంకో మనిషి దొరకడం లేదనీ, తన సెలవులు అయిపోయాయనీ చెప్పింది. అక్కమ్మ తాను వస్తానంది. నీకు మోకాళ్ల నొప్పులత్తా, మంచంలో మనిషిని ఎత్తి తిప్పడం చేతకాదు అంది సుప్రజ. తరువాత, మామను పంపించు అంది.

ఈశ్వరప్ప ఆ రోజే బయలుదేరాడు. సుప్రజ గడపలోనే ఎదురుపడింది. మనిషి సగమైంది. చెప్పులు విడవకముందే ఆయనతో అంది:

"నీకోసం గాదు పిలిచింది. నాకు వేరే దిక్కు లేక. సాయంత్రం ఆఫీసు అయినాక వస్తా, అందాక కనిపెట్టుకోనుండు."

ఆయన సరేనమ్మా అన్నాడు.

లోపలికి తీసుకుపోయి అన్నీ చూపించింది. నడుము కింద చెయ్యి వేసి ఎటు తిప్పాలో, మాత్రలు పొడి చేసి దేంట్లో కలపాలో, గంజి తాగించేటప్పుడు తల ఎంత ఎత్తి పట్టుకోవాలో. ఇంకొక సంగతి కూడా చెప్పింది. పది రోజులుగా అమ్మకు ఒక మాట వచ్చింది. ఒక్కటే మాట. కావాలన్నా, అక్కర్లేదన్నా, ఆకలైనా, దప్పికైనా, అమ్మ నోటినుంచి వచ్చేది ఆ మాటే. మాటను బట్టి ఏమీ తెలుసుకోలేం, మనిషిని చూసి తెలుసుకోవాలి అంది. చెప్పి, హ్యాండుబ్యాగు తగిలించుకుని, తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వెళ్లిపోయింది.

ఈశ్వరప్ప మంచం పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. కుప్పమ్మ చాలా చిక్కిపోయింది. ఎడమచేతి కణుపుల మీద చర్మం నల్లగా మందంగా కట్టింది. ఆమె కళ్లు ఆయన ముఖం మీదికి వచ్చాయి.

"అక్కా, నేను, ఈశ్వరప్పను," అన్నాడు.

కుప్పమ్మ పెదవులు కష్టంగా కదిలాయి.

"వద్దు," అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. వెళ్లి గడప దగ్గర ఆగాడు. సాయంత్రందాకా ఆ ఇంట్లో తాను తప్ప ఎవరూ లేరు. వెనక్కి వచ్చి, మూత పెట్టివున్న గంజి గిన్నె అందుకుని, వేడి చూసుకుని, సుప్రజ చూపించినట్టు మెడకింద చెయ్యి వేసి తల ఎత్తాడు. స్పూను పెదవుల దగ్గరికి తెచ్చాడు.

"వద్దు," అంది కుప్పమ్మ. అని నోరు తెరిచింది.

ఆయన తాగించాడు. కొంత లోపలికి పోయింది, కొంత కుడిపక్కనుంచి గడ్డం మీదికి కారింది. కండువాతో తుడిచాడు. ప్రతి స్పూనుకూ ఆమె వద్దు అంటూనే ఉంది, ప్రతిసారీ నోరు తెరుస్తూనే ఉంది. గిన్నె అడుగుకు వచ్చేసరికి ఆమె ఒకసారి పెదవులు బిగించింది. ఏమీ అనలేదు. కడుపు నిండిందని ఆయనకు తెలిసింది.

గిన్నె కడిగి బోర్లించి వచ్చాడు. గంజి తాగించిన కొంచెంసేపటికి కిటికీ వైపు తిప్పి పడుకోబెట్టమని సుప్రజ చెప్పింది. నడుము కింద చెయ్యి వేశాడు. మొదటిసారి సరిగ్గా కుదరలేదు, ఆమె మూలిగింది. రెండోసారి మోకాలు మంచానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా తిప్పాడు. వీపు వెనక దిండు సర్దాడు. తాను కుర్చీ తీసుకుని కిటికీ పక్కకు, ఆమెకు కనపడే చోటికి మారాడు. అక్కడినుంచి వెళ్లిపొమ్మంటుందో ఉండమంటుందో చూద్దామని ఆమె ముఖంలోకి వంగి చూశాడు. కుప్పమ్మ ఆయనను కాసేపు చూసి, కళ్లు మూసుకుని నిద్రలోకి జారింది. సాయంత్రం కావడానికి ఇంకా చాలా పొద్దు ఉంది.